మిగిలే నేల పటం

ఇంగ్లండ్ తూర్పు భాగాన, కేంబ్రిడ్జ్‌షైర్‌లో, గ్రేట్ ఊజ్ నది పక్కన నీడింగ్‌వర్త్ క్వారీ ఉంది. ఆ నది ఒకప్పుడు పరిచిపోయిన గులకరాళ్లనూ ఇసుకనూ అక్కడ తవ్వుతారు. దాదాపు ముప్ఫై ఏళ్లలో 2.8 కోట్ల టన్నుల సరుకు తీయాలని హాన్సన్ కంపెనీ ప్రణాళిక వేసింది. ఇళ్లకూ రోడ్లకూ వంతెనలకూ పోసే కాంక్రీటులోకి ఆ రాయి పోతుంది. అదే ప్రణాళికలో ఇంకో లెక్క కూడా ఉంది. తవ్వకం ముగిసేసరికి అక్కడ 700 హెక్టార్ల, అంటే సుమారు 1,700 ఎకరాల చిత్తడినేల తయారై ఉండాలి. అందులో 460 హెక్టార్లలో కిక్కిస గడ్డి ఒత్తుగా పెరగాలి. బ్రిటన్ మొత్తంలో అంత పెద్ద కిక్కిస మడుగు మరొకటి ఉండదు. పూర్తయిన ముక్కలను ఎప్పటికప్పుడు ఆర్‌ఎస్‌పీబీకి అప్పగిస్తూ వస్తున్నారు. పక్షుల రక్షణ కోసం 1889లో పుట్టిన సంస్థ అది. అలా ఏర్పడిన అభయారణ్యం పేరు ఊజ్ ఫెన్.

క్వారీ గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా రెండు ఘట్టాలు ఊహించుకుంటాం. ముందు తవ్వడం, తరువాత పూడ్చి నాలుగు మొక్కలు నాటడం. నీడింగ్‌వర్త్‌ను ఈ అధ్యాయానికి ఎంచుకున్నది ఆ ఊహ ఎంత తప్పో అది స్పష్టంగా చూపిస్తుంది కాబట్టే. చివరికి ఏ నేల మిగలాలో ముందుగా పటం గీసుకున్నవాళ్లే ఈ రోజు ఏ మూల నుంచి, ఎంత లోతు తవ్వాలో, ఆ మట్టిని ఎక్కడ పోయాలో చెప్పగలరు. ఆ పటం లేనివాళ్లు రాయి మాత్రమే తీయగలరు.

ఆ గులకరాళ్లు అక్కడికి ఎలా చేరాయో మొదట చూడాలి. గత మంచుయుగంలో ఈ ప్రాంతం మంచుపలక కింద లేదు, దాని దక్షిణపు అంచుకు ఇవతల ఉంది. అయినా చలి భయంకరమైనది. నేల మీటర్ల లోతున శాశ్వతంగా గడ్డకట్టి ఉండేది. పగుళ్లలో చేరిన నీరు గడ్డకట్టి వ్యాకోచించి, కరిగి, మళ్లీ గడ్డకడుతూ సున్నపురాయినీ చెకుముకిరాయినీ ముక్కలు చేసేది. వేసవి మొదట్లో మంచు ఒక్కసారిగా కరిగేది. గడ్డకట్టిన నేల నీటిని ఇంకించుకోలేదు కాబట్టి ఆ వరదంతా నదిలోకే దూకేది. అప్పటి ఊజ్ ఇప్పటిలా ఒక్క పాయగా మెలికలు తిరిగే నిదానమైన నది కాదు. విశాలమైన లోయలో పదులకొద్దీ పాయలుగా చీలి, రాళ్లను దొర్లించుకుంటూ, ఏటేటా దారి మార్చుకుంటూ పోయేది. రాళ్లు ఒకదానికొకటి రాసుకుని కోణాలు అరిగి గుండ్రబడ్డాయి. వడి తగ్గిన చోట పెద్దరాయి ఆగింది, ఇంకా తగ్గిన చోట ఇసుక ఆగింది. సుమారు 11,700 ఏళ్ల కిందట వాతావరణం వేడెక్కాక నది నెమ్మదించింది. సముద్రమట్టం పెరిగింది, లోయ చిత్తడైంది, గులకరాళ్ల మీద ఒండ్రూ కుళ్లిన మొక్కల పొరలూ పేరుకున్నాయి. ఈ మొత్తానికి అడుగున జురాసిక్ కాలపు బంకమట్టి ఉంది. అందులోంచి నీరు దాదాపు దిగదు.

అంటే పైనుంచి కిందికి నాలుగు పొరలు: పంట పండే మట్టి, దాని కింది ఒండ్రు, తరువాత నీరు నిండిన గులకరాళ్లు, అడుగున నీరు చొరని బంక. క్వారీ ప్రణాళిక అంతా ఈ పొరల మందంతో మొదలవుతుంది. పొలమంతా గళ్లుగా విభజించి ఒక్కో గడి మూలలో బోరు వేస్తారు. ప్రతి బోరులో ఏ పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది, గులకరాళ్ల పరిమాణం ఎంత, నీరు ఎంత లోతులో తగిలింది అని రాసుకుంటారు. ఏడాది పొడవునా ఆ బోర్లలో నీటిమట్టం కొలుస్తారు. వేసవి మట్టం ఒకటి, శీతాకాలపు మట్టం ఒకటి. రాయి ఎంత ఉందో చెప్పే అంకె కంపెనీకి లాభం లెక్క. ఈ నీటిమట్టం అంకె మాత్రం ముప్ఫై ఏళ్ల తరువాతి నేల జాతకం.

ఎందుకో చూద్దాం. గులకరాళ్లూ ఇసుకా కలిసిన సరుకు ఘనపు మీటరుకు సుమారు 1.8 టన్నులు తూగుతుందనుకుంటే 2.8 కోట్ల టన్నులంటే ఒక కోటీ 55 లక్షల ఘనపు మీటర్లు. దాన్ని 700 హెక్టార్ల మీద సమంగా పరిచి చూస్తే సగటున రెండు మీటర్ల పైచిలుకు మందం. రాయిని తీసేసి, పైనున్న ఒండ్రునూ మట్టినీ తిరిగి పరిచినా, నేల పాత మట్టం కన్నా దాదాపు అంత కిందికి దిగుతుంది. నీళ్లు పైపైనే ఉన్న నదీలోయలో రెండు మీటర్లు దిగితే అది ఇక పొలం కాదు. మళ్లీ పొలమే కావాలంటే పోయిన రాయికి బదులు అంత మట్టి ఎక్కడి నుంచో తేవాలి. ఇరవై టన్నుల టిప్పర్లతో లెక్కేస్తే పద్నాలుగు లక్షల ట్రిప్పులు. అంత మట్టి కోసం మరో చోట మరో గొయ్యి పడాలి. పట్టణాల్లో కూల్చిన కట్టడాల శిథిలాలతో కొన్ని క్వారీలను పూడుస్తారు గానీ, పల్లెల మధ్య ఇంత విస్తీర్ణానికి ఆ దారి అసాధ్యం. మోటార్లు పెట్టి నీటిని నిరంతరం తోడుతూ పొలాన్ని పొడిగా ఉంచవచ్చు. ఆ కరెంటు బిల్లు ఎన్ని తరాలు కడతారు?

కాబట్టి నీరు వస్తుంది. ఎంత లోతు నీరు అన్నదొక్కటే మన చేతిలో ఉన్న విషయం. ఏమీ ఆలోచించకుండా తవ్వి వదిలేస్తే నిటారు గట్లతో, లోతైన, ఖాళీ నీటిగుంటలు మిగులుతాయి. బ్రిటన్ నదీలోయల్లో అలాంటివి చాలానే ఉన్నాయి. పడవలకూ చేపల వేటకూ పనికొస్తాయి, పెద్ద నీటిపక్షులు కొన్ని వాలతాయి, అంతకు మించి జీవం తక్కువ. విమానాశ్రయాల చుట్టూ 13 కిలోమీటర్ల పరిధిలో ఇలాంటి నీటిగుంటలు ప్రతిపాదిస్తే బ్రిటిష్ అధికారులు జంకుతారు కూడా. తెరిపి నీటికి చేరే బాతుల గుంపులు విమానాలకు ప్రమాదం. నీడింగ్‌వర్త్‌లో ఎంచుకున్నది మధ్యస్థమైన లోతు. ఒండ్రునంతా వెనక్కి పోసి, నేల నీటిమట్టానికి కొద్దిగా మాత్రమే దిగువన ఉండేలా పరిస్తే అది కిక్కిసకు సరిగ్గా సరిపోయే నేల. మన కొల్లేరులో పడవ వెళ్లే దారికి ఇరువైపులా మనిషిని మించి పెరిగే కిక్కిసకు ఇంగ్లండ్ కిక్కిస దగ్గరి చుట్టం. ప్రజాతి అదే, జాతి వేరు.

ఆ ఎంపికకు ఆ నేల చరిత్రలో కూడా కారణం ఉంది. అక్కడ మొదలై సముద్రం దాకా పరుచుకున్న ఫెన్స్ అనే మైదానం ఒకప్పుడు అంతులేని చిత్తడి. పదిహేడో శతాబ్దంలో డచ్ ఇంజనీరు కార్నీలియస్ వెర్మూడెన్ నేతృత్వంలో పెద్ద కాలువలు తవ్వి నీటిని సముద్రానికి మళ్లించారు. తరువాత గాలిమరలు, ఆవిరి యంత్రాలు, డీజిల్ మోటార్లు వచ్చాయి. నేల ఎండింది, బంగారంలాంటి పంటలు పండాయి. కానీ ఎండిన పీట్ నేల, అంటే కుళ్లిన మొక్కలతో ఏర్పడిన నల్లమట్టి, గాలి తగిలితే కుంగి కరిగిపోతుంది. అదే కేంబ్రిడ్జ్‌షైర్‌లోని హోమ్ ఫెన్‌లో 1851లో ఒక ఇనుప స్తంభాన్ని పైకొన నేలమట్టానికి సమంగా ఉండేలా పాతారు. ఇప్పుడది నేల మీద నాలుగు మీటర్ల ఎత్తున నిలబడి ఉంది. పాత ఫెన్ చిత్తడిలో 99 శాతానికి పైగా మాయమైంది. మూడు వందల ఏళ్లుగా మనిషి దించిన నీటిని, గులకరాయి తీసిన మనిషే మళ్లీ నేల మీదికి రానిస్తున్నాడు.

ఇక తవ్వకం. క్వారీ అనగానే కనిపించే ఒకే ఒక్క పెద్ద గొయ్యి నీడింగ్‌వర్త్‌లో ఉండదు. భూమిని విడతలుగా ముక్కలు చేశారు. ఏ రోజు చూసినా ఒక ముక్కలో పంట ఉంటుంది, పక్క ముక్కలో పైమట్టి తీస్తుంటారు, దాని పక్కన రాయి తవ్వుతుంటారు, అంతకు ముందు తవ్విన ముక్కలో నేల తీర్చుతుంటారు, దాని వెనుక కిక్కిస మొలుస్తుంటుంది. కీలకం మట్టి ప్రయాణంలో ఉంది. కొత్త ముక్క మీది ఒండ్రును, సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో ఓబీ అని పిలిచేలాంటి పైకప్పు మట్టిని, ప్రొక్లెయిన్ ఎత్తి డంపర్‌లో పోస్తుంది. ఆ డంపర్ ఎటో దూరం వెళ్లి గుట్ట పోయకుండా నేరుగా వెనుకటి ముక్కలోకి వెళ్లి, ఆ మట్టి శాశ్వతంగా ఉండాల్సిన చోటే దించుతుంది. గుట్ట పోస్తే ఒకే మట్టిని రెండుసార్లు ఎత్తాలి, రెండుసార్లు డీజిల్ కాల్చాలి. పైగా ఆ రెండోసారి ఎప్పుడు వస్తుంది? రాయి అయిపోయి, ఆదాయం ఆగిపోయి, యంత్రాలు మరో క్వారీకి తరలిపోయాక. గుట్టలు అలాగే మిగిలిపోయిన గనులు ప్రపంచమంతా ఉన్నాయంటే అందుకు పెద్ద కారణం ఇదేనని నా నమ్మకం. నేలను తీర్చే ఖర్చును తవ్వే ఖర్చులోనే కలిపేస్తే ఎగ్గొట్టడానికి వేరే బిల్లు మిగలదు.

అన్ని మట్టినీ ఒకేలా చూడకూడదు. పైన ఒక జానెడు మందాన ఉండే మట్టిలోనే విత్తనాలు, వేర్లు, వానపాములు, శిలీంధ్రాలు, సూక్ష్మజీవులు ఉంటాయి. దాన్ని అడుగుమట్టితో కలిపేస్తే ఆ ప్రాణమంతా పలచబడిపోతుంది. ఎత్తుగా గుట్ట పోస్తే అడుగున గాలి అందక కుళ్లుతుంది. అందుకే పైమట్టి నిల్వ చేయక తప్పని చోట గుట్ట మూడు మీటర్లు, అడుగుమట్టి గుట్ట అయిదు మీటర్లు మించకూడదని బ్రిటన్‌లో ఆనవాయితీ. తడిగా ఉన్నప్పుడు మట్టిని ముట్టుకోనివ్వరు. దానికి యంత్రం అక్కర్లేని పరీక్ష ఉంది. పిడికెడు మట్టి తీసుకుని అరచేతుల మధ్య సన్నని తాడులా నులుముతారు. మూడు మిల్లీమీటర్ల మందం దాకా విరగకుండా సాగిందంటే మట్టి తడిగా ఉన్నట్టే, ఆ రోజు పని లేదు. ఆ మందానికి రాకముందే పొడిపొడిగా విరిగితే పని మొదలుపెట్టవచ్చు. పదును చూడకుండా దుక్కి దున్నితే ఏమవుతుందో మన రైతుకు చెప్పనక్కర్లేదు. నలభై టన్నుల డంపర్ తడి నేల మీద నడిస్తే మట్టి రంధ్రాలు మూసుకుపోయి, అడుగున చట్టుబండలా గట్టిపడుతుంది. దాన్ని విడగొట్టడానికి తరువాత ఏళ్లు పడుతుంది. పొలంగా తిరిగి ఇవ్వాల్సిన క్వారీల్లో వాపసు ఇచ్చిన భూమి పండకపోవడానికి ఎరువుల కొరత కన్నా ఈ గట్టిపడటమే ఎక్కువసార్లు కారణం. అందుకే డంపర్ చక్రం పరిచిన మట్టి మీదికి ఎక్కకుండా, ప్రొక్లెయిన్ బకెట్‌తోనే పట్టీలు పట్టీలుగా వదులుగా పరుస్తూ వెనక్కి జరగడం మంచి పద్ధతి.

నీటి విషయం ఇంకా సున్నితం. నీళ్లలో మునిగి ఉన్న రాయిని పొడిగా తవ్వాలంటే మోటార్లతో తోడాలి. తోడిన కొద్దీ చుట్టూ భూగర్భజలం గొయ్యి వైపు వాలుతుంది. పొరుగు బావులూ చెరువులూ ఎండవచ్చు. తవ్వే ముక్క అంచున అడుగు బంక దాకా కందకం తీసి బంకమట్టితోనే గోడ కడితే బయటి నీరు లోపలికి రాదు, బయటి మట్టం పడిపోదు. కింది పొర అడ్డుగోడకు ముడిసరుకు అయింది. తోడిన నీటిని ముందు మడుగుల్లో నిలబెట్టి, బురద పేరుకున్నాకే నదిలోకి వదలాలి. తవ్విన రాయి కడగడానికి, జల్లెడ పట్టడానికి కన్వేయర్ బెల్టు మీద ప్లాంటుకు వెళితే ఊరి దారిలో దుమ్మూ చప్పుడూ తగ్గుతాయి. కడిగినప్పుడు వచ్చే సన్నటి బురద కూడా చెత్త కాదు. మడుగుల్లో నింపితే కాలక్రమంలో అదీ కిక్కిస మొలిచే నేలే.

ఇంత చేశాక వచ్చే పని సెంటీమీటర్లది, అన్నింటికన్నా కష్టమైనది. సుమారు 30 సెంటీమీటర్ల లోపు నీటిలో కిక్కిస ఏపుగా పాకుతుంది. ఒకటిన్నర మీటర్లు దాటిన చోటికి సాధారణంగా చొరబడదు. కాబట్టి మడుగు అడుగు మొత్తాన్ని ఆ తేడాలు గమనించి చెక్కాలి. విశాలమైన పల్లపు చదును, దాన్ని చీలుస్తూ లోతైన కాలువలు, వాటి గట్లు నెమ్మదిగా వాలుతూ ఉండాలి. మొత్తం మడుగును గట్లతో గదులుగా విభజించి ఒక్కో గదికి తూము పెట్టారు. ఒక గదిలో నీరు నిలిపి, పక్క గదిని ఆరబెట్టే వీలుంటుంది. కిక్కిస మొక్కలను చేతితో నాటారు. లేత మొలకలను బాతులు మేసేయకుండా కంచె వేయాలి. వేరు పట్టాక అదే పాకుతుంది.

ఈ చెక్కడమంతా ఎవరి కోసమో తెలిస్తే కొలతలకు అర్థం వస్తుంది. బిటర్న్ అనే కొంగజాతి పక్షి ఉంది. ఎండిన కిక్కిస రంగులోనే ఉండి, ముక్కు ఆకాశానికెత్తి నిలబడితే పక్కనే ఉన్నా కనిపించదు. వసంతంలో మగపక్షి కూత ఖాళీ కుండలో ఊదినట్టు కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది. అది బ్రిటన్‌లో పందొమ్మిదో శతాబ్దం చివరికి గూళ్లు కట్టడం మానేసింది. 1911లో తిరిగి వచ్చి, మళ్లీ క్షీణించి, 1997లో దేశం మొత్తంలో కూసే మగపక్షులు 11 మాత్రమే లెక్కకొచ్చాయి. అది దట్టమైన కిక్కిసలో గూడు కడుతుంది. తిండి మాత్రం కిక్కిస నీటిని తాకే అంచు దగ్గర, చేపలూ పాముచేపలూ. కిక్కిస ఎంత ఉన్నా అంచు లేకపోతే దానికి ఆకలే. కాలువల పొడవు పెంచితే అంచు పెరుగుతుంది, లోతు ఉంచితే శీతాకాలంలో చేప బతుకుతుంది. ప్రొక్లెయిన్ నడిపే మనిషి చేతిలోని పటంలో ఆ మెలికలన్నీ ఇందుకే. ఊజ్ ఫెన్‌లో ఇప్పుడు బిటర్న్‌లు గూళ్లు కడుతున్నాయి. ఇలాంటి చిత్తడులు అనేక చోట్ల తయారైన ఫలితంగా 2023లో బ్రిటన్‌లో కూసే మగపక్షుల సంఖ్య 234కు చేరింది.

తవ్వకం సాగుతుండగానే ఇంకో పని కూడా జరిగింది. పైమట్టి తొలగించే ముందు కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పురావస్తు పరిశోధకులు ఆ భూమిని పరిశీలించారు. కాంస్యయుగపు సమాధి దిబ్బలు, పాత నదీపాయల మధ్య లంకల మీద మనుషులు బతికిన ఆనవాళ్లు బయటపడ్డాయి. బకెట్ పడ్డాక ఆ చరిత్రను ఏ పథకమూ తిరిగి తేలేదు. అందుకే ఆ పరిశీలన గడువు కూడా విడతల పట్టికలోకి ఎక్కాలి.

మన దగ్గరికి వస్తే నేల వేరు, పొరలు వేరు. ఆంధ్రలో, తెలంగాణలో గ్రావెల్ క్వారీ అంటే చాలాచోట్ల మెట్టప్రాంతపు ఎర్రమొరం గుట్ట. రాతి మీద వేల ఏళ్ల ఎండావానలు తయారుచేసిన పొర. రోడ్లకూ లేఅవుట్లకూ పల్లపు స్థలాలు ఎత్తు చేయడానికీ టిప్పర్లలో తరలిపోతుంది. అక్కడ కిక్కిస మడుగు పథకం పెట్టడం అర్థరహితం. గుట్ట నడుము కోసిన చోట నిటారు గోడ మిగులుతుంది. వానకు జారుతుంది. అడుగు గుంటలో ఒక్క వర్షాకాలానికి నీరు నిండుతుంది. అందులో ఈతకు దిగి పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్న వార్త మనం దాదాపు ప్రతి ఏడాదీ చదువుతున్నాం. గోడను మెట్లుమెట్లుగా కోయడం, పైన వాన నీటిని పక్కకు మళ్లించే కాలువ, ముందే తీసి పక్కన పెట్టిన పలచని పైమట్టిని మెట్ల మీద పరిచి ఆ గుట్ట మీదే పెరిగే మొక్కల విత్తనం చల్లడం, గుంటకు ఒక వైపైనా మనిషి నడిచి ఎక్కగలిగే ఏటవాలు ఉంచడం ఇక్కడి పటంలో ఉండాలి. వీటిలో ఒక్కటి కూడా ఖరీదైన శాస్త్రం కాదు. కానీ గోడ కోసేశాక మెట్టు కోయలేరు. ఆ మెట్టు కోసం సరిహద్దుకు ఇవతలే ఆగాలి, అంటే కొంత మొరం వదులుకోవాలి. లీజు ఇచ్చే రోజే అది లెక్కలో ఉంటే తప్ప ఎవరూ వదులుకోరు.

మన చట్టంలో దీనికి చోటు ఉంది. దీపక్ కుమార్ కేసులో 2012 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు, అయిదు హెక్టార్ల లోపు చిన్నతరహా ఖనిజాల లీజులకూ పర్యావరణ అనుమతి తప్పనిసరి చేసింది. తవ్వకం ప్రణాళిక, నేల పునరుద్ధరణ వంటివి రాష్ట్రాల నిబంధనల్లోకి రావాలన్న కేంద్ర సిఫార్సులను అమలు చేయమంది. ప్రణాళిక కాగితం దాఖలు చేయడం అప్పటి నుంచి అలవాటైంది. ఆ కాగితంలో ఏటా ఎన్ని ఘనపు మీటర్లు తీస్తారో ఉంటుంది. ఏటా ఎన్ని చదరపు మీటర్లు తీర్చి వెనక్కి ఇస్తారో కూడా పక్క గడిలో ఉండాలి. ముందటి ముక్క పూర్తి కాకపోతే తరువాతి ముక్కకు పర్మిట్ ఆగాలి. మండలంలో ఎవరైనా వెళ్లి టేపుతో కొలిచి చూడగలిగేంత సులువైన షరతు ఇది.

బ్రిటన్‌లోనూ మొదట్లో నేలను చదును చేసి అప్పగించడంతో కంపెనీ బాధ్యత తీరేది. మొలవని పొలాలూ చచ్చిన మొక్కలూ చూశాక 1981 ఖనిజాల చట్టంతో సంరక్షణ గడువు కూడా షరతుగా వచ్చింది. సాధారణంగా అయిదేళ్లు. ఆ అయిదేళ్లలో ఏటా నేలను చూసి, మురుగు నిలిచిన చోట కాలువ తీసి, చచ్చిన చోట మళ్లీ నాటాలి. కిక్కిస మడుగుకు అయిదేళ్లు చాలవు. ఏటా రాలిన ఆకు అడుగున పేరుకుంటూ నేలను పైకి లేపుతుంది, నీరు పలచబడుతుంది, విల్లో మొలకలు చొరబడతాయి. కొన్ని దశాబ్దాలు వదిలేస్తే మడుగు పొదల అడవిగా మారుతుంది. అందుకే ఊజ్ ఫెన్‌లో గదుల వారీగా వంతులు వేసి కిక్కిస కోయాలి, కోసింది బయటికి తీసేయాలి, విల్లోలు పీకాలి, రుతువును బట్టి తూములు ఎత్తి దించాలి. నేల తీర్చేటప్పుడే గట్లతో విడివిడి గదులు కట్టకపోతే ఈ వంతులకు వీలుండేది కాదు. కోత యంత్రం దిగాలంటే ఒక గది నీటిని పక్క గది గూళ్లు చెదరకుండా తీయగలగాలి.